గుమ్మం ముందు తాళం చెవులు

“ఇవాళ బకెట్ నిండింది,” అంది మా అత్తగారు, గుమ్మంలో నడుం వంచి చూస్తూ.

చేతిలో చీపురుతో అలాగే ఆగిపోయాను. మొన్న గిన్నె. నిన్న బిస్కెట్ డబ్బా. ఇవాళ ఏకంగా బకెట్. ఇలాగే సాగితే రేపటికి నీళ్ల డ్రమ్ము ఖాళీ చెయ్యాల్సి వస్తుంది.

“అసలు బకెట్ ఎవరు పెట్టమన్నారు అత్తయ్యా? పెట్టి మరీ పిలిచినట్టు లేదూ?”

“మరేం చెయ్యమంటావ్? గుమ్మం మీద పడేసి పోతుంటే కాళ్లకు గుచ్చుకుంటున్నాయి. ముసలిదాన్ని, పడితే లేపేదెవరు?”

“సరే, కిటికీ దగ్గరే కూర్చున్నారు కదా. ఎవరొచ్చారో చూశారా?”

“తెల్లారినప్పటి నుంచీ రెప్ప వేస్తే ఒట్టు. ఒక్క పురుగు రాలేదమ్మాయ్. పాలు పొంగుతున్నాయేమోనని అటు తిరిగాను. ఇటు తిరిగేసరికి ఇదిగో, ఇంత!”

బకెట్లో చెయ్యి పెట్టాను. అన్నీ తాళం చెవులే. వీధి తలుపులవి, బీరువాలవి, షట్టర్లవి, ఎవరిదో స్కూటరుది కూడా. అడుగున ఉన్నవి చల్లగా ఉన్నాయి. పైనున్నవి మాత్రం వెచ్చగా ఉన్నాయి. ఎవరో చాలాసేపు గుప్పిట్లో పట్టుకుని, ఇప్పుడే వదిలి వెళ్లారు. చెయ్యి వెనక్కి లాక్కున్నాను.

ఇదంతా మా ఆడపడుచు చలవే. ఇంట్లో ఆమె పేరు చిట్టి. పోయిన వారం ఎర్రజెండా పార్టీకి పెద్ద అయిన దగ్గర్నుంచీ ఊరందరికీ అక్క. డెబ్బై దాటిన మందుల షాపాయన కూడా “అక్కగారు అన్నం తిన్నారా?” అని నన్ను ఆపి అడుగుతున్నాడు. నేను పనిచేసే యూనిఫారాల కార్ఖానాలో అయితే సూపర్వైజరు తన కుర్చీ తెచ్చి నాకు వేశాడు. దాని మీద కూర్చుని గుండీలు కుడుతుంటే పక్కవాళ్లెవరూ నోరు విప్పరు. ఇదివరకు భోజనాల దగ్గర ఒకరి గుట్టు ఒకరు విప్పుకుని పడీ పడీ నవ్వేవాళ్లం. ఇప్పుడు నేను జోకు వేస్తే అందరూ ఒక్కసారే నవ్వి, ఒక్కసారే ఆపేస్తున్నారు.

పార్టీ పెద్దగా గెలిచిన రోజు చిట్టి వేదికెక్కి ఒకే ఒక్క మాట అంది. “ఈ ఊళ్లో మనుషులు లేకుండా తాళం వేసి ఉన్న ఇళ్లు బోలెడు. ఇళ్లు లేకుండా రోడ్డు మీద ఉన్న మనుషులూ బోలెడు. మేం వస్తే ముందు అడిగేది ఆ తాళాల సంగతే.” చప్పట్లు చాలాసేపు ఆగలేదు. మర్నాడు అవతలి పార్టీ పేపరు ఆమె బొమ్మ వేసింది, నడుముకు తాళాల గుత్తితో, ఇంటింటి ముందూ నిలబడినట్టు.

ఆ సాయంత్రమే మొదటి తాళం చెవి వచ్చింది. దానికో చీటీ కట్టి ఉంది, ‘మీకెందుకు శ్రమ, మేమే ఇచ్చేస్తున్నాం’ అని. అందరం నవ్వుకున్నాం. చిట్టి దాన్ని పార్టీ ఆఫీసుకు పట్టుకెళ్లి అందరికీ చూపించి మరీ నవ్వింది. ఆ తర్వాత వచ్చిన వాటికి చీటీలు లేవు. మా నవ్వులూ ఆగిపోయాయి.

“ఏమండీ, ఒకసారి ఇటు రండి!” అని కేకేశాను.

మా ఆయన వచ్చాడు. వీధి మలుపులో ఆయనకు తాళాల కొట్టు ఉంది. తాళం చెవి పోగొట్టుకున్నవాళ్లకు తలుపు తీసిపెడతాడు, డూప్లికేట్లు కోస్తాడు, పాత తాళం కప్పలకు ప్రాణం పోస్తాడు. చేతికి ఉన్న నేర్పు నోటికి లేదు. అరిచినా గీ పెట్టినా బెల్లం కొట్టిన రాయిలా నిలబడతాడు.

వచ్చి, బకెట్ పక్కన గొంతుక్కూర్చుని ఒక్కొక్కటే తీసి వెలుతురుకు పెట్టి చూశాడు.

“నేను కోసినవే చాలా ఉన్నాయి,” అన్నాడు.

అది నాకూ తెలుస్తుంది. తాళం చెవి కోసిన తర్వాత దాని తల అంచుల్ని ఆకురాయితో ఓసారి గుండ్రంగా రుద్ది గానీ ఇవ్వడు. జేబు చిరగకూడదట. ఈ చుట్టుపక్కల అలా చేసేవాడు ఇంకొకడు లేడు.

“ఇది ఎదురింటి బ్యాంకాయనది. ఇది మందుల షాపు షట్టరుది. ఇది మన లెక్కల టీచరమ్మది.”

“అయితే ఇంకేం, పట్టుకెళ్లి ఎవరిది వాళ్ల మొహాన కొట్టి రండి.”

“నువ్వూ రా,” అన్నాడు.

పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన నన్ను తోడు రమ్మనడం అదే మొదటిసారి. వెంటనే చెప్పులు వేసుకున్నాను.

ఆదివారం. బాగా ఎండెక్కింది. బ్యాంకాయన వీధి తలుపు జానెడు తెరిచి ఉంది. తట్టబోతే దానంతటదే వెనక్కి వెళ్లింది.

మొగుడూ పెళ్లాం ఇద్దరూ సోఫాలో పక్కపక్కన కూర్చుని ఉన్నారు. ఊరెళ్లేవాళ్లలా మంచి బట్టలు కట్టుకున్నారు. కాళ్లకు బూట్లూ చెప్పులూ ఉన్నాయి. టీవీ లేదు, రేడియో లేదు, చేతిలో పేపరు లేదు. తలుపు వైపు తిరిగి ఊరికే కూర్చున్నారు.

“మీ తాళం మా గుమ్మంలో పడిపోయినట్టుందండీ,” అన్నాడు మా ఆయన.

“మాది కాదు,” అన్నాడు బ్యాంకాయన.

“నేనే కోశానండీ. మీ వీధి తలుపుదే. కావాలంటే పెట్టి చూడండి.”

“మాది కాదు బాబూ. మా తలుపుకి తాళం లేదు.”

ఉంది. నా మోచేతికి తగులుతూనే ఉంది. నేను నోరు తెరవబోతే మా ఆయన నా చెయ్యి నొక్కాడు.

ఆవిడ నవ్వింది. నిరుడు ఎన్నికలప్పుడు చిట్టి ఈ ఇంటికి కరపత్రం తెస్తే దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని చెత్తబుట్టలో వేసిన మనిషి ఈవిడే. ఇప్పుడు నోరారా నవ్వుతోంది.

“అక్కగారికి చెప్పమ్మా, మేం తాళం వెయ్యడం లేదని. రాత్రి పూట కూడా వెయ్యడం లేదని చెప్పు.”

“ఎందుకండీ?”

“ఎవరైనా వస్తారు కదా.”

“ఎవరొస్తారు?”

మొగుడూ పెళ్లాం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

“అది మీకే తెలియాలి,” అన్నాడు బ్యాంకాయన, చాలా మర్యాదగా.

మందుల షాపులోనూ ఇదే వరస. షట్టరు పూర్తిగా ఎత్తి ఉంది. గల్లా దగ్గర ఎవరూ లేరు. ఆయన వెనక గదిలో స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. తాళం చెవి చూపిస్తే రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. “నాది కాదమ్మా, నన్ను ఇరికించకండి,” అన్నాడు. ముప్పై ఏళ్లుగా ఆ షట్టరును దించేదీ ఎత్తేదీ ఆయనే.

“మేం మీ ఇళ్లు లాక్కుంటామని ఎవరు చెప్పారండీ మీకు?” అని అడిగేశాను, ఉండబట్టలేక.

“ఎవరూ చెప్పలేదు తల్లీ. మాకు కోపం కూడా లేదు. అక్కగారంటే మాకు ఎంతో గౌరవం.” గొంతు తగ్గించాడు. “ఇవాళ మేం వచ్చి అడిగామని మాత్రం రాసుకోకండి.”

“వచ్చింది మేమండీ, మీరు కాదు!”

“అదే, అదే,” అన్నాడు.

తిరిగి వస్తుంటే అప్పుడు గమనించాను. వీధిలో ఏ తలుపూ పూర్తిగా వేసి లేదు. అన్నీ జానెడు, జానెడున్నర తెరిచి ఉన్నాయి. లోపల మనుషులున్నారు. కాలి వేళ్లు కనిపిస్తున్నాయి, మోకాళ్లు కనిపిస్తున్నాయి. ఎవరూ మాట్లాడుకోవడం లేదు. ఆదివారం పూట ఒక్క పిల్ల ఏడుపు లేదు, ఒక్క కుక్కర్ కూత లేదు. గట్టిగా వేసి ఉన్న తలుపు ఆ వీధి మొత్తం మీద మాదొక్కటే.

భయం వేసిందని చెప్పుకోవడానికి నాకేం నామోషీ లేదు. భయమే వేసింది.

“మీ చెల్లెల్ని పార్టీ ఆఫీసుకు పంపించెయ్యండి,” అన్నాను. “పైన గది ఉందట, కాపలా ఉందట. వాళ్లు మొదటి రోజు నుంచీ రమ్మంటూనే ఉన్నారు.”

ఆయన నడక వేగం పెంచాడు.

“మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?”

“నువ్వే చెప్పు,” అన్నాడు. అని, ఇంటి దాకా కూడా రాకుండా కొట్టు వైపు మళ్లాడు. ఆదివారం పూట కొట్లో ఏం పని అని అడుగుదామనుకున్నాను. అడగలేదు.

మేడ మీద గదిలో చిట్టి బేసిన్లో వేడినీళ్లు పోసుకుని కాళ్లు పెట్టుకుని కూర్చుని ఉంది. వారం రోజులుగా సభల్లో నిలబడి నిలబడి పాదాలు వాచిపోయాయి. ఒళ్లో కాగితాలు. కళ్ల కింద నలుపు. పేపర్లో ఫొటో చూస్తే కొండను పిండి చేసేలా ఉంటుంది గానీ, దగ్గర్నుంచి చూస్తే మా పెళ్లిలో కొత్త చెప్పులు కరిచాయని మూల కూర్చుని ఏడ్చిన పిల్లే.

“రా వదినా. ఇవాళ ఎన్ని?”

“బకెట్.”

“అమ్మ బకెట్ పెట్టిందా?” అని నవ్వింది. నేను నవ్వకపోయేసరికి తనూ ఆపేసింది. “చెప్పు. ఏదో చెప్పడానికే వచ్చావు.”

“నువ్వు కొన్నాళ్లు ఆఫీసు పైన గదిలో ఉండకూడదూ?”

చాలాసేపు నీళ్లలో కాళ్లు కదిపింది.

“ఈ ఇల్లు వదిలి కాపలావాళ్ల మధ్యకు పోతే, జనం భయపడాల్సిన మనిషినని ఆ పేపరువాడు వేసిన బొమ్మే నిజమవుతుంది వదినా. మనుషుల మధ్య ఉంటానని చెప్పి గెలిచాను. తలుపు వేసుకుని కూర్చోమంటావా?”

“నీ సంగతి కాదు చిట్టీ. నా సంగతి.”

“ఏమైంది నీకు?”

ఇన్నేళ్లలో ఈ ఇంట్లో ఎవరికీ చెప్పని మాట అది. అయినా వచ్చేసింది.

“నేను పుట్టి పెరిగింది అద్దె గదిలో. ఇంటాయన దగ్గర ఆ గది తాళం ఇంకోటి ఉండేది. అమ్మ స్నానం చేస్తున్నా సరే, నేను ఒక్కదాన్నే ఉన్నా సరే, ఎప్పుడు పడితే అప్పుడు తలుపు తెరుచుకునేది. తట్టేవాడు కాదు. ‘నా ఇల్లేగా’ అనేవాడు. వచ్చి ఏమీ చేసేవాడు కాదు. ఊరికే అటూ ఇటూ చూసి వెళ్లేవాడు. వాడి తాళం తిరిగిన చప్పుడు ఇప్పటికీ నాకు నిద్రలో వినిపిస్తుంది. లోపల గడియ వేస్తే బయటివాడు రాకూడదు. నాకు కావలసింది అదొక్కటే చిట్టీ. బంగారం వద్దు, మేడలు వద్దు. మీ అన్నయ్యను ఎందుకు చేసుకున్నాననుకున్నావ్?”

“తాళాలు చేస్తాడనా?”

“మరి మొహం చూసి చేసుకున్నాననుకున్నావా!”

ఇద్దరం నవ్వాం. నవ్వుతూనే ఆమె కళ్లు తుడుచుకుంది.

“నేను వేదిక మీద మాట్లాడింది అలాంటి ఇంటాయనల గురించే వదినా. నీ గురించి కాదు.”

“నాకు తెలుసు. వీధికి తెలియదు.”

కాగితాలు మడిచి పక్కన పెట్టింది. “రేపు పొద్దున్నే వెళ్లిపోతాను. అన్నయ్యకు నువ్వే చెప్పు. అమ్మకు మాత్రం నేను చెప్తాను.”

మెట్లు దిగుతుంటే గుండె తేలికపడింది. ఆ తేలికకు సిగ్గు కూడా వేసింది. ఆడపడుచును ఇంట్లోంచి పంపించి సంబరపడే వదినను అయిపోయాను కదా అనుకున్నాను. అయినా సంబరమే. ఎవరేమనుకుంటే నాకేం.

అత్తగారు కిటికీ దగ్గర కుర్చీలోనే తల వాల్చి కునుకు తీస్తోంది. వీధి తలుపు వేసే ఉంది. మా తలుపు లాగితే చాలు, తాళం పడిపోతుంది. తాళం చెవి లేనిదే బయటి నుంచి తెరుచుకోదు. ఓసారి లాగి చూసుకుని, టీ పెట్టుకుందామని వంటింట్లోకి వెళ్లాను.

వంటింట్లో బల్ల దగ్గర లెక్కల టీచరమ్మ కూర్చుని ఉంది.

కేక రాలేదు.

రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, వీపు నిటారుగా పెట్టి కూర్చుంది. పొద్దున నేను సింకులో వదిలేసిన కప్పులన్నీ కడిగి బోర్లించి ఉన్నాయి.

“కంగారు పడకమ్మా,” అంది. “కాసేపు కూర్చుని పోదామని వచ్చాను.”

“ఎలా... ఎలా వచ్చారు? తలుపు వేసి ఉంది కదా!”

“వేసే ఉందమ్మా. నా దగ్గర ఉందిగా.”

గుప్పిట విప్పింది. కొత్త ఇత్తడి తళతళలాడింది.

“మీ తాళం పొద్దున మా బకెట్లో ఉంది టీచరమ్మా. మీదే అది. మా ఆయన గుర్తుపట్టాడు.”

“అవును, నేనే వేశాను. నాది మీకిచ్చేశాను. మీది నా దగ్గరుంది. ఇక దిగులేముంది చెప్పు?” బడిలో తేలిక లెక్క చెప్పినట్టే చెప్పింది. “మొదట్లో నాకూ భయం వేసిందమ్మా. ఒంటరిదాన్ని. తలుపు తెరిచిపెట్టి పడుకోవాలంటే మాటలా? ఇక్కడికొచ్చి కూర్చుంటే ఆ భయం పోతోంది. అందరికీ పోతోంది.”

“అందరికీ అంటే?”

“నేను ఒక్కదాన్నేనా? నువ్వు కార్ఖానాకు వెళ్తావు, అతను కొట్టుకు వెళ్తాడు, పెద్దావిడ ఇదిగో ఇలా కునుకు తీస్తుంది. అప్పుడు వస్తాం. ఏదీ ముట్టుకోం తల్లీ, నీ ఇంటికొచ్చిన లోటేమీ లేదు. ఊరికే కూర్చుని వెళ్లిపోతాం.” కుర్చీని బల్ల కిందకు జాగ్రత్తగా తోసి లేచింది. “నేను లేస్తానమ్మా. నా వెనక వాళ్లు రావాలి కదా.”

“ఆ తాళం ఒక్కసారి చూడనివ్వండి.”

ఇచ్చింది. తల అంచుల మీద వేలితో రాశాను. గుండ్రంగా ఉన్నాయి. జేబు చిరగకుండా.

తాళం చెవిని మళ్లీ నా చేతిలోంచి మెల్లగా తీసుకుని, చప్పుడు కాకుండా తలుపు వేసుకుని వెళ్లిపోయింది. వారం రోజులుగా నేను నిద్రపోయిన మంచం, నేను తిన్న కంచం, స్నానానికి వెళ్తూ తలుపు మీద వేసిన నా తువ్వాలు, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి.

ఎలా అరిచానో నాకే తెలియదు. చిట్టి తడికాళ్లతో మెట్లు దిగి వచ్చింది. అత్తగారు ఉలిక్కిపడి లేచింది. నా అరుపు వీధి మలుపు దాకా వినిపించినట్టుంది, మా ఆయన పరుగెత్తుకొచ్చాడు. చేతులకు ఇత్తడి పొడి అంటుకుని ఉంది.

“మన ఇంటి తాళం ఎవరికిచ్చారు?” అన్నాను.

తల వంచుకున్నాడు.

“మిమ్మల్నేనండీ! ఎవరికిచ్చారు?”

“చిట్టి ఇమ్మందట కదా.”

“నేనా?” అంది చిట్టి.

“ఆ రోజు నువ్వు కళ్లజోడు మర్చిపోయి వెళ్లావు చూడు. నీ తాళంతో కార్యకర్త ఒకతను వచ్చి తీసుకెళ్లాడు. వెళ్తూ వెళ్తూ కొట్టు దగ్గర ఆగి, ‘అక్క ఇంకోటి చేయించమంది’ అన్నాడు. చేసిచ్చాను. మర్నాడు ఆ తాళం పట్టుకుని ఇంకొకరు వచ్చారు. ‘అక్క ఇమ్మంది’ అన్నారు. తర్వాత ఇంకొకరు. మన పార్టీవాళ్లు కొందరు. కానివాళ్లూ వచ్చారు. ఒక్కరూ బేరమాడలేదు. ఒక్కరూ గట్టిగా మాట్లాడలేదు. తీసుకుని, గుండె మీద చెయ్యి పెట్టుకుని వెళ్లిపోయారు.”

“నన్నొక్క మాట అడగొచ్చుగా అన్నయ్యా! ఈ మేడ మీదే కదా ఉన్నాను!”

“అడుగుదామనే మెట్ల దాకా వచ్చాను. రెండుసార్లు వచ్చాను.” మా ఆయన మొహం ఎర్రబడింది. “ఏమిటోనే. ఇదివరకు ఒసేయ్ అని పిలిచేవాణ్ణి. ఇప్పుడు నిన్ను పిలవాలంటే గొంతు రావడం లేదు.”

చిట్టి మొహంలో నెత్తురు లేదు. అవతలి పార్టీవాళ్లు ఎన్ని తిట్టినా చలించని మనిషి, ఆ మాటకు గోడకు ఆనుకుంది.

అత్తగారు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఎప్పుడూ ఏదో ఒక సామెతకు సిద్ధంగా ఉండే ఆవిడకు కూడా ఆ పూట ఏదీ అందలేదు.

“ఎన్ని చేశారు?” అన్నాను చివరికి.

“లెక్కపెట్టలేదు.”

“ఇవాళ కూడా చేశారా?”

చేతుల మీది ఇత్తడి పొడి ప్యాంటుకు తుడుచుకున్నాడు.

“చిట్టీ,” అన్నాను, “రేపటి దాకా ఎందుకు. ఇప్పుడే బయల్దేరు. నువ్వు అక్కడున్నావని తెలిస్తే వీళ్లూ అక్కడికే పోతారు.”

ఆమె కాసేపు నా మొహంలోకి చూసింది. జాలిగా చూసింది. అది నాకు నచ్చలేదు.

“నేను వెళ్లినా ఆగదు వదినా. వాళ్లు నన్ను చూడ్డానికి రావడం లేదు. నేను ఇంట్లో ఉన్నప్పుడు ఒక్కరైనా మెట్లెక్కారా? వచ్చి కూర్చుంటున్నారు, అంతే. నేను వెళ్లిపోతే, ఖాళీ ఇల్లే కదా అని ఇంకా ధైర్యంగా వస్తారు.”

“ఖాళీ ఏమిటి? మేముంటాంగా!”

ఆమె వీధి తలుపు వైపు చూసింది.

“తాళం మార్చెయ్యండి,” అన్నాను మా ఆయనతో. “ఇప్పుడే. కొత్తది పెట్టండి. నాకొకటి, మీకొకటి, అత్తయ్యకొకటి, చిట్టికొకటి. ఇంకొకటి మీ చేతుల్లోంచి బయటికి వెళ్లిందో, నేను ఈ ఇంట్లో ఉండను. మీ చెల్లెలు కాదు, నేనే పోతాను.”

ఉత్త బెదిరింపు కాదది. ఆయనకూ అర్థమైంది. లోపలికి వెళ్లి, ఎప్పుడో తెచ్చి దాచిన కొత్త తాళం పెట్టెతో సహా తెచ్చాడు. మంచి కంపెనీది. దానికి డూప్లికేట్ కొయ్యడం తన వల్ల కూడా కాదని ఆయనే ఒకసారి గొప్పగా చెప్పాడు. ఆ మాట గుర్తొచ్చి కాస్త ఊపిరి తీసుకున్నాను.

తలుపు బార్లా తెరిచి గుమ్మంలో కూర్చున్నాడు. నేను పక్కన నిలబడి స్క్రూలు చేతిలో పట్టుకున్నాను. ఒకటి, ఇంకొకటి. పనిలో పడితే ఆ మనిషే వేరు. పాత తాళం ఊడి ఆయన అరచేతిలో పడింది. తలుపుకు గుండ్రటి కన్నం మిగిలింది.

నీడ పడితే తలెత్తాను.

మెట్ల కింద మనుషులు నిలబడి ఉన్నారు. ఎప్పుడొచ్చారో, అడుగుల చప్పుడే వినిపించలేదు. బ్యాంకాయనా, ఆయన భార్యా, అవే బట్టల్లో. మందుల షాపాయన. వాళ్ల వెనక నాకు తెలియని మొహాలు, వీధి మలుపు దాకా. తోసుకోవడం లేదు, గొడవ లేదు. రేషన్ షాపు దగ్గర కూడా ఇంత చక్కగా నిలబడరు. ఒక్కొక్కరి చేతిలో ఒక్కో తాళం చెవి.

అందరికంటే ముందు టీచరమ్మ ఉంది.

“పాతది తీసేస్తున్నావా నాయనా?” అని అడిగింది.

“అవునమ్మా,” అన్నాడు మా ఆయన.

“మంచి పని చేశావు. నాలుగు రోజులుగా కాస్త పట్టేస్తోంది. తిప్పడానికి నా వేళ్లకు సత్తువ చాలడం లేదు.”

వెనక ఇద్దరు ముగ్గురు అవునవునన్నట్టు తలలూపారు.

“మరి, కొత్తదాని తాళాలు మాకెప్పుడిస్తావు?”

నేను మా ఆయన భుజం పట్టుకుని గిచ్చాను. ఇవ్వనని చెప్పండి, ఇవ్వనని చెప్పండి అని మనసులో వెయ్యిసార్లు అనుకున్నాను. నా వెనకే చిట్టి ఊపిరి వినిపిస్తోంది. పార్టీని నడిపించాల్సిన మనిషి నోట కూడా ఒక్క మాట రావడం లేదు. అందరం ఆయన వైపే చూస్తున్నాం, లోపలివాళ్లం, బయటివాళ్లం.

మా ఆయన కొత్త తాళాన్ని కన్నంలో పెట్టి, సరిపోయిందో లేదో ఓసారి వేలితో నొక్కి చూసుకున్నాడు. కొట్టు తెరిచిన నాటి నుంచీ, రోజూ, గిరాకీ వచ్చి ఎప్పుడిస్తావని అడిగితే చెప్పే మాటే, తల ఎత్తకుండానే చెప్పాడు.

“సాయంత్రం రండమ్మా.”